మడమ రేకు కింద చీటీ

తుపాకీతో మనిషిని చంపాలంటే షూటింగ్ రేంజిని మించిన చోటు లేదు.

1983 సెప్టెంబరు, శనివారం మధ్యాహ్నం, థూన్ ఊరి బయట. ఇంట్లో సైన్యం తుపాకీ ఉంచుకునే పౌరులు ఏటా తప్పనిసరిగా చేయాల్సిన కాల్పుల కోసం డెబ్భై ఎనిమిది మంది వచ్చారు. రొట్టెల కొట్టువాడు, పళ్ళ డాక్టరు, బ్యాంకు గుమాస్తా, అందరూ బోర్లా పడుకుని మూడు వందల మీటర్ల అవతలి గురి మీద కాలుస్తున్నారు. ఆ చప్పుళ్ళలో ఒక చప్పుడు ఎక్కువైన సంగతి ఎవరికీ తెలియలేదు. వెనక బెంచీ మీద కూర్చున్న వెర్నర్ నీడెగ్గర్ మాత్రం మెల్లగా ముందుకు ఒరిగాడు. సైన్యంలో తుపాకులు బాగుచేసి రిటైరైన ముసలాయన, ఎండకు కునుకు పట్టిందేమో అనుకున్నారు. కాల్పులు ముగిశాక లేపబోతే కోటు వెనక రక్తం కనిపించింది.

సోమవారం ఉదయం రాజధాని బెర్న్‌లో, తలుపు మీద ఏ బోర్డూ లేని ఒక ఆఫీసులో, ఏజెంట్ ఉర్సిన్ కాథొమాస్ తన పై అధికారి కర్నల్ ఎగ్గిమాన్ ఎదుట కూర్చున్నాడు. కర్నల్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ మొదలుపెట్టాడు.

"నీడెగ్గర్ మనవాడే."

"తెలుసు సార్."

"తెలియనిది చెప్తా విను. రేపు శత్రువు మన నెత్తినెక్కి కూర్చుంటే, ఇళ్ళల్లో మామూలుగా ఉంటూనే వాడి వెనక గోతులు తవ్వాల్సినవాళ్ళు ఇరవై ఆరుగురున్నారు. వాళ్ళ పేర్లూ ఊళ్ళూ ఒకే ఒక్క మైక్రోఫిల్మ్‌లో ఉన్నాయి. ఇంకో కాపీ లేదు. నాక్కూడా తెలియవు. దాన్ని దాచినవాడు నీడెగ్గర్."

ఆ ఇరవై ఆరుగురిలో ఉర్సిన్ చెల్లెలు ఫ్లూరినా ఉంది. కొండ మీద ఆవుల్ని మేపుకునే పిల్ల. ఏడేళ్ళ క్రితం ఆమె పేరు తనే ఇచ్చాడు. దేశభక్తి అనుకుని ఇచ్చాడు. ఆ జాబితా పరాయివాళ్ళ చేతికి పోతే ఆమె గతి కూడా నీడెగ్గర్ గతే. తెలిసి తెలిసి తోడబుట్టినదాన్ని తీసుకెళ్ళి పులి బోనులో పెట్టానని అతనికి ఆ క్షణంలో అనిపించింది.

"ఎక్కడ దాచాడు సార్?"

"1957 నాటి స్నైపర్ రైఫిల్, నంబరు 3118. దాని టెలిస్కోప్ పెట్టుకునే డబ్బా మూతలో, బెండు కింద. మన సైన్యంలో తుపాకీకీ టెలిస్కోపుకీ డబ్బాకీ ఒకటే నంబరు, చచ్చేదాకా విడిపోకూడదు. పోయినేడు ఏదో వేలంలో విడిపోయాయి. తుపాకీ ఒక దారి, మిగతావి ఒక దారి."

టెలిస్కోపూ డబ్బా ఆలోయిస్ త్సూర్‌ఫ్లూ అనే ముసలి సార్జెంటు దగ్గర ఉన్నాయి. కొండ కోటల్లో పాతికేళ్ళు కాపలా కాసినవాడు. డబ్బాను మెడకు తగిలించుకుని తిరుగుతాడు, రాత్రి దిండు కింద పెట్టుకుంటాడు. జోడీ తుపాకీ తెచ్చినవాడికే ఇస్తానని భీష్మించుకుని కూర్చున్నాడు. పోలీసుల్ని పంపితే పేపర్లకెక్కుతుంది. అందుకని కర్నల్ తుపాకీనే పట్టుకొచ్చాడు.

"ఎర్స్‌ట్‌ఫెల్డ్‌లో, ఇది వాడిన సైనికుడి భార్య వేలంలో కొనుక్కుందట, ఆమె దగ్గరికి నేనే స్వయంగా వెళ్ళి తెచ్చా. చూడు."

కర్నల్ తుపాకీ మడమకు, అంటే భుజానికి ఆనించే కొసకు, ఉన్న రెండు మరలు విప్పి రేకు తీశాడు. తుపాకీ పోతే ఎవరిదో తెలియాలని ప్రతి సైనికుడూ ఆ రేకు కింద పేరూ ఊరూ రాసిన చీటీ పెడతాడు. తుపాకులు సేకరించేవాళ్ళకు ఆ చీటీయే జాతకం. పాలిపోయిన కాగితం మీద నీలం సిరాతో సార్జెంట్ కాస్పర్ ఇండెర్‌గాండ్ పేరు, యూనిట్, ఊరు ఉన్నాయి. ఉర్సిన్ తలూపాడు.

తర్వాత సామగ్రి. టోపీకి పెట్టుకోవడానికి షూటింగ్ సంఘం బిళ్ళ, లోపల మైకు. "నేను బయట వ్యానులో కూర్చుని అంతా వింటుంటా." ఆపైన ఒక ఫౌంటెన్ పెన్ను. మూత తిప్పితే ఒక్క తూటా.

"ఇది ఎవరికి సార్?"

"ఇలోనాకి. మన దగ్గరా శత్రువు దగ్గరా రెండు చోట్లా జీతం తీసుకునే మనిషి. ఈసారి వాళ్ళ పక్షమేనని నా అనుమానం. డబ్బా మీద చెయ్యి వేసిందా, ఆలోచించకు."

రెండేళ్ళుగా ఇలోనాతో కలిసి పనిచేసిన ఉర్సిన్ ఆ పెన్నును జేబులో పెట్టుకున్నాడు. వారమంతా అతనికి నిద్ర పట్టలేదు.

ఆదివారం, త్సూర్‌ఫ్లూ ఏటా బల్ల వేసే లాంగ్నౌ ఆయుధాల సంత. హాలు నిండా బల్లలు, బల్లల నిండా తుపాకులు, చిన్న పొయ్యిల మీద కరిగే జున్ను వాసన. ఉర్సిన్ పెట్టుడు మీసంతో, తోలు కోటుతో, భుజాన రైఫిల్‌తో అచ్చం సేకర్తలాగే ఉన్నాడు. ఎర్రకోటు వేసుకున్న ఒకామె పక్కకు వచ్చి నిలబడింది. సంతలో సగం మగాళ్ళు తుపాకుల మీంచి చూపు తిప్పి ఆమెనే చూస్తున్నారు.

"గొట్టానికి నూనె పెట్టారా?" అందామె. అది కోడ్.

"తుప్పు పట్టాక పెడతా."

"మీసం చండాలంగా ఉంది ఉర్సిన్." ఇలోనా నవ్వి, మైకు సంగతి తెలిసినదానిలా పెదవులు కదిలీ కదలకుండా అతని చెవిలో ఊదింది. "నాలుగింటి రైలు దగ్గర ఫిల్మ్ ఆ పక్క మావాళ్ళ చేతికి అందుతుందట. తెచ్చేది నేను కాదు. ఎవరో నాకూ చెప్పలేదు."

గోడ గడియారం మూడూ ముప్పై చూపిస్తోంది. అబద్ధమా, నిజమా? ఉర్సిన్ చెయ్యి జేబులోని పెన్ను మీదికి పోయి ఆగింది. ముందు డబ్బా. ముసలాయన బల్ల దగ్గరికి నడిచాడు.

త్సూర్‌ఫ్లూ తుపాకీని పసిబిడ్డలా అందుకున్నాడు. నంబరు చూశాడు, 3118. కళ్ళు చెమ్మగిల్లాయి.

"కాస్పర్‌ది! ఒకే కోటలో ఆరు చలికాలాలు గడిపాం బాబూ. మంచు చరియ కింద పోయాడు పాపం. ఆగు, వాడి చేతిరాత చూడనీ." మరలు విప్పి చీటీ తీశాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. ఆ తర్వాత హాలంతా తిరిగి చూసేలా నవ్వాడు.

"ఎవడయ్యా ఇది రాసింది? మీ పిల్లాడా? '6472 ఎర్స్‌ట్‌ఫెల్డ్' అట! ఊరి పేరు ముందు పోస్టు నంబరు వేయడం మనకి 1964లో గానీ రాలేదే. కాస్పర్ పోయింది 1960లో. స్వర్గం నుంచి దిగొచ్చి రాశాడా?"

ఉర్సిన్ చీటీ అందుకుని చూశాడు. వారం రోజులుగా ఆ చీటీని పదిసార్లు చూశాడు. కనిపించలేదు. ఎందుకు కనిపిస్తుంది? తనూ ఇక్కడివాడే. ఇరవై ఏళ్ళుగా ప్రతి కవరు మీదా ఊరి పేరు ముందు ఆ నాలుగంకెలు రాసి రాసి, చేతికీ కంటికీ అలవాటైపోయింది. పరాయి దేశపు గూఢచారి అయితే పాత ఉత్తరం ఒకటి సంపాదించి, పొల్లు పోకుండా దించేవాడు. ఇది మనవాడి పొరపాటు. మనవాడు మాత్రమే చేసే పొరపాటు.

తుపాకీని ఎర్స్‌ట్‌ఫెల్డ్ నుంచి స్వయంగా తెచ్చానన్నవాడు ఒక్కడే.

ఆ ఒక్కడూ వ్యానులో కూర్చుని ఈ నవ్వంతా విన్నాడు. ఉర్సిన్ టోపీ తీసి బిళ్ళను అరచేత్తో నొక్కాడు.

"పెద్దాయనా, నేను సేకర్తని కాదు. ఈ తుపాకీ నకిలీది, నాకూ ఇప్పుడే తెలిసింది. మీ డబ్బా మూతలో ఇరవై ఆరుగురి ప్రాణాలున్నాయి. అందులో ఒకత్తి నా చెల్లెలు. నమ్మితే ఇవ్వండి. లేకపోతే తీసుకుని పారిపోండి, ఇప్పుడే."

ముసలాయన అతని మొహంలోకి చూశాడు. "మీసం ఊడిపోతోంది," అన్నాడు. తర్వాత మెడలోంచి డబ్బా తీసి, మూతలోని బెండును గోటితో పెకలించాడు. బఠాణీ గింజంత ఫిల్మ్ చుట్ట ఉర్సిన్ అరచేతిలో పడింది. "ఇన్నాళ్ళూ ఇది నా గుండె మీదే వేలాడిందా!"

"ఇటివ్వు ఉర్సిన్."

కర్నల్ వచ్చేశాడు. మడత పెట్టిన న్యూస్‌పేపర్ కింద పిస్టల్, ఆ పిస్టల్ కొస ఇలోనా నడుముకు ఆని ఉంది. మర్యాదస్తుడు, గొంతు కూడా పెంచలేదు.

"నీడెగ్గర్‌ని కూడా మీరేనా సార్?"

"రైలుకి టైమవుతోంది. మూడు లెక్కపెడతా. ఒకటి."

హాల్లో ఏడు వందల తుపాకులున్నాయి. ఒక్కదాంట్లోనూ తూటా లేదు, అది సంత నియమం. తూటా ఉన్నది కర్నల్ చేతిలోనూ, ఉర్సిన్ జేబులోని పెన్నులోనూ. ఆ జేబులోకి చెయ్యి పోయేలోగా ఇలోనా పోతుంది.

"రెండు."

"సరే సార్, తీసుకోండి." ఉర్సిన్ చెయ్యి చాచాడు. కర్నల్ ఎడమ చెయ్యి ముందుకొచ్చింది. ఉర్సిన్ చెయ్యి మాత్రం పక్క బల్ల వైపు తిరిగింది. అక్కడ జున్నుగిన్నె కింద స్పిరిట్ పొయ్యి నీలంగా మండుతోంది. చుట్ట మంటలో పడి, మెలికలు తిరిగి, నల్లటి ముద్దయింది.

కర్నల్ కళ్ళు ఒక్క క్షణం మంట వైపు తిరిగాయి. ఆ క్షణం చాలు. త్సూర్‌ఫ్లూ దొంగ రైఫిల్ మడమతో అతని మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. పిస్టల్ పేలి తూటా నేలలో దిగబడింది.

హాలంతా ఒక్కసారిగా గర్జించింది.

"సంతలోకి తూటా వేసిన తుపాకీ తెచ్చింది ఎవడ్రా?"

దేశద్రోహమని వాళ్ళకు తెలియదు. నియమం తప్పాడని తెలుసు, అది చాలు. రొట్టెల కొట్లవాళ్ళూ పళ్ళ డాక్టర్లూ కలిసి కర్నల్ మీద పడ్డారు. పోలీసులు వచ్చి అతన్ని విడిపించాల్సి వచ్చింది.

స్టేషన్లో నాలుగింటి రైలు ఎవరి కోసమూ ఆగకుండా వెళ్ళిపోయింది. మెట్ల మీద కూర్చుని ఇలోనా అడిగింది.

"జేబులో పెన్ను నాకేనా?"

"అవును."

"తిప్పేవాడివా?"

ఉర్సిన్ పెన్ను తీసి మెట్టు మీద పెట్టాడు. ఆమె ఎర్రకోటు బొత్తాలు పెట్టుకుని లేచి వెళ్ళింది. వెనక్కి తిరగలేదు. అతనికి ఏడుపొచ్చింది.

పబ్లిక్ ఫోన్ నుంచి చెల్లెలికి చేశాడు.

"ఏంటన్నయ్యా, ఆదివారం పూట? ఆర్డరేమైనా వచ్చిందా?"

"ఏం లేదే. ఊరికే."

"గడ్డివాములో రేడియో బ్యాటరీలు మారుస్తూనే ఉన్నా. ప్రతి గురువారం వింటూనే ఉన్నా. ఏడేళ్ళయింది, కుయ్యి లేదు కయ్యి లేదు. మీవాళ్ళు నన్ను మర్చిపోయారా ఏం?"

"మర్చిపోలేదమ్మా. ఆవులెలా ఉన్నాయి?"

మర్నాడు ఉర్సిన్ రిపోర్టు రాశాడు: ఇరవై ఆరుగురూ క్షేమం, శత్రువు వాళ్ళను ఇక ఎప్పటికీ కనిపెట్టలేడు. కొత్త అధికారి సంతోషించి, ఈ శుభవార్త వెంటనే వాళ్ళందరికీ తెలియజేయమని పక్కన రాశాడు. ఆ కాగితం ఆఫీసంతా తిరిగింది. తెలియజేయడానికి, ఫ్లూరినా తప్ప మిగతావాళ్ళెవరో ఎవరికీ తెలియదు.