వరుసలో ఒక ఖాళీ

అన్నయ్య చొక్కాలు ఉతకడానికి వేసేముందు జేబులు తడమడం ఆ ఇంట్లో చిన్నమ్మాయి పని. దొరికిన చిల్లరలో రోజుకొక నాణెం ఉంచుకోమని అన్నయ్యే అన్నాడు. అంచు అరిగినది, అచ్చు కాస్త పక్కకి జరిగినది, మెరుపు పోనిది, ఆమెకి ఏదైనా అపురూపమే. ఆ ఉదయం చాప మీద వాటిని ఏడాదుల ప్రకారం వరుసగా పేరుస్తోంది.

ముందుగదిలో మిషన్ కుడుతున్న వదిన కేకేసింది.

"చిన్నీ, వాడు పాకుతూ అటే వస్తున్నాడు. ఆ చిల్లర పైకి తియ్యి. చెప్పి చెప్పి నా నోరు అరిగిపోతోంది."

"తీస్తున్నా వదినా."

అంతలో పాలు మాడిన వాసన వచ్చింది. చిన్నీ వంటగదికి పరుగెత్తి, పొయ్యి కట్టేసి తిరిగొచ్చింది. ఏడాది నిండని మేనల్లుడు నాణేల మధ్య కూర్చున్నాడు. గడ్డం మీద చొంగ. మూడో వరుసలో ఒక ఖాళీ.

చిన్నీ చాప దులిపింది. మంచం కింద వెతికింది. వాడి గుప్పిళ్లు విప్పి చూసింది. నోట్లో వేలు పెట్టబోయి, లోపలికి తోసేస్తానేమోనని ఆగిపోయింది. వాడు ఉక్కిరిబిక్కిరై దగ్గి, మళ్లీ నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమెకి ఇంకా భయమేసింది.

పెరట్లోంచి వచ్చిన అమ్మతో గొణిగింది. "అమ్మా, వీడు నాణెం మింగాడు."

అమ్మ తలుపు దగ్గరికి వేసింది. "మెల్లగా. మీ వదిన వింటే ఇల్లు పీకి పందిరేస్తుంది. పోయిన నెల వీడు మంచం మీంచి దొర్లితే నీతో ఎన్నాళ్లు మాట్లాడలేదో గుర్తులేదా? అరటిపండు పెడదాం, జారిపోతుంది. మీ అన్నయ్య గుండీ మింగినప్పుడు నేనలాగే చేశాను."

అమ్మ పండు ఒలిచింది. వాడు నోట్లోని చొంగ మింగబోయి ముఖం చిట్లించాడు. అవతల మిషన్ టకటక ఆగడంలేదు. చెబితే వదిన జన్మలో క్షమించదు. చెప్పకపోతే... ఆ మాట మనసులో కూడా పూర్తి చేయలేకపోయింది.

"పెట్టకమ్మా," అంటూ వాణ్ణి ఎత్తుకుని ముందుగదిలోకి వెళ్లింది. "వదినా, వీడు నాణెం మింగాడు. నేనే కింద వదిలేసి వెళ్లాను."

మిషన్ ఆగింది. వదిన పిల్లాణ్ణి లాక్కుని, చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగుతీసింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించింది. చిన్న ఛాతీలో తెల్లటి గుండ్రం.

"గొంతు దిగాక ఇరుక్కుంది. మత్తిచ్చి గొట్టంతో తీయాలి. మింగాక ఏమైనా తినిపించారా?"

"లేదండీ," అంది చిన్నీ.

"మంచి పని చేశారు. తినిపించి ఉంటే ప్రమాదమయ్యేది."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

లోపలికి తీసుకెళ్లి తలుపు మూశారు. బయట బల్ల మీద వదిన ఒక చివర, చిన్నీ ఇంకో చివర. ఎవరి అడుగుల చప్పుడైనా ఇద్దరూ ఉలిక్కిపడుతున్నారు.

"నేనంటే అంత భయమా నీకు?" అంది వదిన ఉన్నట్టుండి.

చిన్నీ తలూపింది.

"మరెందుకు చెప్పావ్?"

"వాడికేమైనా అవుతుందంటే ఇంకా భయమేసింది."

వదిన కళ్లు నిండాయి. అమ్మ కోడలి దగ్గరికొచ్చింది. "తప్పు నాదేనమ్మా. చెబుతానన్న పిల్ల నోరు నేనే మూయించబోయాను."

"మీక్కూడా నేనంటే భయమేనా అత్తయ్యా? ఇంట్లో ఇంక మిగిలిందెవరు?" వదిన నవ్వబోయి వెక్కింది.

"ఇంకెప్పుడూ నాణేలు ముట్టుకోను వదినా."

"ముట్టుకోకపోతే పెద్దయ్యాక వాడికెవరు చూపిస్తారు? ఎత్తున పెట్టుకో, అంతే."

తలుపు తెరుచుకుంది. నర్సు దుప్పట్లో చుట్టిన పిల్లాణ్ణి తెచ్చింది. "తీసేశారు. ఇక భయం లేదు."

వదిన చేతులు చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది. "నా చేతులు వణుకుతున్నాయి. నువ్వు తీసుకో చిన్నీ."

"నావీ వణుకుతున్నాయి వదినా."

"అయితే ఇద్దరం పట్టుకుందాం, రా."