మిట్టమధ్యాహ్నం డబ్బా చప్పుడు

నూజివీడు మునిసిపాలిటీ అయిన కొత్త. మార్కెట్ వెనక మిగిలిన పాత మామిడితోటను పార్కు చేయాలని ఓవర్సీర్ జగన్మోహనరావు పట్టుదల. వీధివాళ్ళు కమిటీగా ఏర్పడి మొక్కలు పెంచుతామంటే కంచె, కుళాయి మునిసిపాలిటీ వేస్తుంది. లేదంటే అక్కడ షాపులు కడతారు. ఈ సాయంత్రమే మీటింగు.

వీధివాళ్ళేమో తోటలో అడుగు పెట్టడం లేదు. పిట్టల్ని తోలడానికి కొమ్మకు కట్టిన రేకు డబ్బా మిట్టమధ్యాహ్నం మోగుతోంది. దాని తాడు లాగే కాపలా చిన్నయ్య పోయి ఏడాదయింది.

మోగినప్పుడల్లా జగన్మోహనరావు సైకిలేసుకుని వచ్చేవాడు. తోటకు ఎదురింటి మామిడి వ్యాపారి పాండురంగారావుగారి అమ్మాయి భాగ్యవతి మంచినీళ్ళిచ్చి మరీ వెక్కిరించేది.

"దయ్యం దొరికిందా అండీ?"

"మీరుండగా వేరే దయ్యం ఎందుకండీ."

మీటింగు రోజు మధ్యాహ్నం ఆకు కదలడం లేదు. డబ్బా మోగింది. జగన్మోహనరావు ఈసారి చెట్టు దగ్గరికి వెళ్ళకుండా తాడు వెంబడి నడిచాడు. తాడు కాపలా పాకలోకి వెళ్ళింది. లోపల దాని కొస పట్టుకుని భాగ్యవతి నిలబడి ఉంది.

"మీరా?"

"మోగితేనే కదా మీరొచ్చేది," అందామె తల దించుకుని.

అతనికి కోపం రావాలి. సంతోషం వచ్చింది.

"పార్కయితే రోజూ వచ్చేవాణ్ణి కదండీ."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా."

ఆమె తాడు వదిలేసింది. అది నేల మీద వదులుగా పడింది. కాసేపటికి మెల్లగా బిగుసుకుంది. దూరంగా డబ్బా మోగింది.

రోడ్డెక్కేదాకా ఆమె అతని చెయ్యి వదల్లేదు.

"మీటింగులో ఏం చెప్పమంటారు?" అన్నాడు ఆయాసపడుతూ.

"నేను చెప్తాను. అన్నిసార్లూ నేనే మోగించానని."

"మీ పరువు పోతుందండీ."

"తోట పోవడం కంటే నయం."

సాయంత్రం అందరి ముందూ అలాగే చెప్పింది. పాండురంగారావు కళ్ళెర్రజేశాడు.

"ఎందుకే ఆ పని?"

"ఓవర్సీరుగారు వస్తారని, నాన్నా."

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పాండురంగారావు అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఆగిరిపల్లి నుంచి మీ నాన్నగారిని ఒకసారి రమ్మనండి బాబూ, మాట్లాడదాం."

భయం తీరిపోయి కమిటీ ఏర్పడింది. ఇంటికో చెట్టు పంచుకున్నారు. మిగిలింది ఒక్కటే పని.

"రోజూ మధ్యాహ్నం లోపలంతా చూసి గేటుకి తాళం వేసేదెవరు?" అన్నారెవరో.

"ఒక్కళ్ళం వెళ్ళం. ఇద్దరం కలిసే వేస్తాం," అన్నారిద్దరూ ఒకేసారి.

మీటింగంతా నవ్వింది. వాళ్ళిద్దరూ నవ్వలేదు.