ఖాళీ ఇంటికి చెప్పిన మాట

యోగేశ్వరి చేసిన తప్పు ఒక్కటే. ఖాళీ ఇంటికి మర్యాద చేసింది.

మలేషియాలో కువాలా సెలంగోర్ దాటాక పామాయిల్ తోటల మధ్య ఒక పాత ఎస్టేటు ఉంది. పేరు రాయను. మనవాళ్ళు రబ్బరు గీసిన రోజుల్లో కట్టిన కూలీల ఇళ్ళ వరస చాలావరకు కూలిపోయింది. చివరి ఇల్లు మాత్రం నిలబడి ఉంది. గెలలు కోసే ఇండోనేషియా పనివాళ్ళు ఎంత వాన కురుస్తున్నా దాని వసారా కిందికి రారు. ఎందుకని అడిగితే... లోపలినుంచి ఎవరో కూర్చోమంటారట.

ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.

మేమిద్దరం ఒక పుస్తకం చేస్తున్నాం. మనవాళ్ళు పోర్ట్ క్లాంగ్‌లో ఓడ దిగి తోటలకు చేరిన దారి — ఒక పేజీలో ఫోటో, ఎదురు పేజీలో రాత. ఫోటోలు యోగేశ్వరివి. ఇక్కడే పుట్టింది, క్లాంగ్‌లో పెళ్ళిళ్ళకి ఫోటోలు తీస్తుంది, ఒంటరిగా ఉంటుంది. రాత నాది. పెళ్ళై విశాఖ నుంచి వచ్చినదాన్ని, ఆదివారాలు పిల్లలకి తెలుగు చెప్తాను. ముళ్ళల్లో, జలగల్లో తిరగడం నావల్ల కాదు. అందుకని తను వెళ్ళి ఫోటోలు తీస్తుంది. ఫోటోకి అందనివి — వాసన, చప్పుడు, గాలి — ఫోన్లో మాట్లాడి రికార్డు చేసి పంపుతుంది. నేను ఇంట్లో కూర్చుని విని రాస్తాను.

ఆ ఇంటి ఫోటో ఒక సాయంత్రం వచ్చింది. రోడ్డు మీంచి తీసింది. నీలం తలుపు, ఓరగా తెరిచి ఉంది. వెనకే రికార్డింగు.

"అక్కా, పాత ట్రంకుపెట్టి వాసన. గుమ్మానికి పసుపు ఇంకా ఉంది. చప్పుడు ఏటీ లేదు." కెమెరా సంచి జిప్పు లాగిన శబ్దం. తర్వాత నవ్వుతూ, ఇంటితో — "సరే మరి, ఎల్లొస్తాను."

మనకి అది అలవాటు. గుమ్మం దిగుతూ పోతున్నానని అనం. అనకూడదు.

రికార్డింగు అయిపోయిందనుకున్నాను. కాలేదు. ఫోన్‌కి నోరు ఆనించినంత దగ్గరగా... ఒక ముసలి గొంతు.

"రా తల్లీ. సూస్తుంటాను."

వెంటనే ఫోన్ చేసి, అక్కడ నీతో ఎవరున్నారని అడిగాను. ఎవరూ లేరంది. నువ్వు పంపిందే మళ్ళీ విను అన్నాను. విన్నది. తర్వాత, మా అమ్మమ్మలాగే మాట్లాడుతోంది కదక్కా, అంది.

ఆ అనడంలో భయం లేదు. అదే నాకు నచ్చలేదు.

మర్నాటి సాయంత్రం అదే ఇంటి ఫోటో వచ్చింది. ఈసారి వసారాలోంచి. ఆ తర్వాతి సాయంత్రం... గుమ్మంలోంచి. మాటలేవీ లేవు. నిలదీశాను. బ్రిక్‌ఫీల్డ్స్‌లో పెళ్ళివారిని కలవాలని బయలుదేరిందట, కారు అటు తిరిగిందట. ఎవరు తిప్పారంటే, అదే తిరిగిందక్కా అంది. ఆ పెళ్ళి వేరేవాళ్ళకి పోయింది. తనకి పట్టనే లేదు.

యోగేశ్వరికి మేనమామ ఒకాయన ఉన్నాడు, కూర్మయ్య. ఒకప్పుడు ఆ ఎస్టేటు లారీ నడిపాడు. వాళ్ళింటికి వెళ్ళి ఆ గొంతు వినిపించాను. ఆయన ఫోన్‌ని బల్లమీద బోర్లా పెట్టేశాడు.

"అప్పలనరసమ్మ," అన్నాడు.

రబ్బరు చెట్లు కొట్టేసి పామాయిల్ వేసినప్పుడు వరసలో అందరికీ పట్నంలో ఫ్లాట్లు ఇచ్చారట. ఆవిడ కదలనంది. సామాన్లు లారీకెక్కించి, ఒక్కొక్కరూ ఆవిడ గుమ్మం ముందు ఆగి, అదే మాట చెప్పి వెళ్ళారు. ఆవిడ నమ్మింది. రోజూ సాయంత్రం వరసకంతా సరిపడా కాఫీ కాచేది. ఎవరూ రాలేదు. ఆవిడ పోయిన సంగతి కూడా గెలలు కోసేవాళ్ళు చెప్తేగాని తెలియలేదు.

"నానూ అన్నాను," అన్నాడు కూర్మయ్య. "లారీలోంచే. ఎల్లొస్తానప్పా అని. మరి ఆ రోడ్డెక్కలేదు."

ఆయన మాట పూర్తికాకుండానే నా ఫోన్‌కి ఫోటో వచ్చింది.

ఇంటి లోపలినుంచి తీసింది. తెరిచిన తలుపు. తలుపులోంచి బయట నిలిపిన యోగేశ్వరి కారు. గచ్చుమీద రెండు రేకు గ్లాసులు. రెండింటిలోంచీ ఆవిరి...

ఫోన్ చేస్తే ఎత్తలేదు.

కూర్మయ్య నా కారులో ఎస్టేటు మలుపుదాకా వచ్చాడు. అక్కడ దిగిపోయాడు.

"నన్ను ఆవిడ గుర్తుపడతాది, టీచరమ్మా."

బతిమాలే తీరిక లేదు. ఒక్కదాన్నే పోనిచ్చాను. బయట ఇంకా వెలుగుంది, తోటలో లేదు. ఆ ఇంటి ముందు పక్షి అరుపు కూడా వినపడలేదు.

యోగేశ్వరి గచ్చుమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. కెమెరా ఒళ్ళో. గ్లాసు చేతిలో.

"కూకో అక్కా," అంది నెమ్మదిగా. "ఇంకా ఎవులూ రాలేదు."

గ్లాసు నిండుగానే ఉంది. లాక్కుని కింద పెట్టాను. జబ్బ పట్టి లేపితే లేచింది, నిద్రలో పసిపిల్లలా. గుమ్మం దగ్గర ఆగిపోయింది. వెనక్కి తిరిగి నోరు తెరిచింది... ఏమనబోతోందో నాకు తెలుసు. చేత్తో నోరు మూసేశాను.

చీకటి మూలవైపు చూసి నేనే మాట్లాడాను.

"అప్పలనరసమ్మా. ఈ పిల్ల ఇక రాదు. వాళ్ళెవరూ రారు. ఎదురుచూడ్డం మానెయ్యి."

తర్వాత పొయ్యి దగ్గర ఎవరో గ్లాసు దించినట్టు చిన్న చప్పుడు.

"మరి నువ్వో, అమ్మా?"

అలవాటు చెడ్డది. మాట నాలిక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించాను.

"పోతున్నాను," అన్నాను.

యోగేశ్వరి మళ్ళీ పెళ్ళిళ్ళు తీస్తోంది. ఆ సాయంత్రాలు గుర్తులేవంటుంది, నేను గుచ్చి అడగను. పుస్తకం వచ్చింది. నీలం తలుపు ఫోటో వేశాం. ఎదురు పేజీ ఖాళీగా వదిలాను.

ఆ రోజు నుంచి ఎవరి గుమ్మం దిగినా పోతున్నాననే అంటాను. బొట్టుపెట్టే చేతులు గాలిలో ఆగిపోతాయి. పెద్దవాళ్ళు శాపనార్థాలు పెడతారు. మా ఆడపడుచు నాతో మాట్లాడ్డం మానేసింది.

ఆస్పత్రిలో కూర్మయ్యను చివరిసారి చూసి లేచినప్పుడూ అదే అన్నాను. ఆయనొక్కడే తల ఊపాడు.