యజమాని ముఖం

ఎడో నగరంలో చలికాలపు తెల్లవారుజాము. కబుకి నాటకశాల వెనకే ఉన్న ఇంట్లో ఒతాకి ముల్లంగి పులుసు గిన్నె మీద మూత జరుపుతూ భర్త లేస్తున్న చప్పుడు విన్నది. ఈ ఏడు గోడ పట్టుకుంటే తప్ప గెంజో లేవలేకపోతున్నాడు.

ఆ నాటకశాలకు ఆయనే యజమాని. నటులను కుదుర్చుకోవడం, ఏ నాటకం ఆడాలో తేల్చడం ఆయన పని. ఏడాది తొలి ఆట రోజున మాత్రం యజమానే స్వయంగా ముసలి దేవుడి చెక్క ముఖం కట్టుకుని నాట్యమాడాలి. అడుగు తడబడిందా, అపశకునమని ఊరంతా ఏడాది పొడుగునా ముఖం చాటేస్తుంది.

"నాన్నా, ఇవాళ నేనాడతాను" అన్నాడు కొడుకు షింపచి. "నిన్న సాధనలో రెండుసార్లు కూలబడ్డారు."

"ఎవరు చూశారు?"

"లేపింది నేనే కదా!"

"లేపితే గద్దె ఎక్కేస్తావట్రా? మా నాన్న పోయాకే నేను ఆ ముఖం కట్టుకున్నాను. నువ్వూ అంతే. అంత తొందరగా ఉంటే చెప్పు, ఈ పులుసు మానేసి ఇప్పుడే పోతాను."

"ఏవండీ, మధ్యలో నా పులుసేం చేసింది?" అంది ఒతాకి.

షింపచి నవ్వలేదు. "మీరు పడితే మీరొక్కరే పడరు నాన్నా. ఈ శాలను నమ్ముకున్న రెండు వందలమందీ పడతారు. అందులో నా పిల్లలూ ఉన్నారు."

గెంజో గిన్నె కింద పెట్టేశాడు. "పద. ముఖం పెట్టె మోయాల్సింది నువ్వే."

శాల కిటకిటలాడుతోంది. ఆ ముఖాన్ని తెర వెనక కాదు, అందరి ఎదుటే కట్టుకోవాలి. షింపచి పెట్టె తెచ్చి తండ్రి ముందుంచాడు. గెంజో ముఖాన్ని చేతిలోకి తీసుకుని లేవబోయాడు. కుడి మోకాలు మాట వినలేదు.

వెడల్పాటి అంగీ చేతుల చాటున ఒక అరచెయ్యి వచ్చి ఆయన మోచేతికి ఆనింది.

"లేవండి నాన్నా. పట్టుకున్నాను. ఎవరికీ కనపడదు."

పొద్దున అంత మాటన్న కొడుకే! గెంజో లేవలేదు. "ఇలా ముందుకు జరుగు" అన్నాడు. కొడుకు ముఖానికి దేవుడి ముఖం ఆనించాడు.

"ఇక్కడా? ఇందరి ముందా?"

"కదలకు, తాడు జారుతోంది. ఏడవకురా. చూడ్డానికి ఉన్నవి రెండే చిల్లులు, అవీ మసకబారితే అడుగు తప్పుతావు."

ముడి బిగించి, జనం వైపు తిరిగి నేలకు చేతులానించాడు.

"నలభై ఏళ్లు మీ దయ వల్ల ఆడాను. నేటి నుంచి ఈ శాలకు నా కొడుకు షింపచి యజమాని. కళ్లారా చూసుకోవాలని బతికుండగానే అప్పగిస్తున్నాను."

చేపల బజారు వాళ్ల వరసలోంచి ఒక గొంతు లేచింది. "తండ్రికి తగ్గ కొడుకు! ఆడవయ్యా యజమానీ!" ఆ వెంటనే శాల దద్దరిల్లింది.

డప్పులు మోగాయి. షింపచి తొలి అడుగు నేలను గట్టిగా తాకింది. రెండోదీ తప్పలేదు.

గెంజో కూర్చున్నచోటే నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నలభై ఏళ్లూ ఆ చిల్లుల వెనకే ఉన్న ఆయనకు, కొడుకు ఆడితే ఈ నాట్యం ఇంత అందంగా ఉంటుందని ఇవాళే తెలిసింది.