నిలువు అంటే ఎటు

ఉక్కు ఇటుక ఈసారీ పగల్లేదు. తెరమీది నమూనాలో గులకరాయంత తునక సెకనుకు ఏడు కిలోమీటర్ల వేగంతో వచ్చి గుద్దితే, ముద్రించిన పొరల్లో పైవి కరిగిపోయాయి, లోపలివి వంగి నిలబడ్డాయి. "నాలుగో వాడ గోడ క్షేమం" అని ప్రకటించింది నిర్ణేత. కక్ష్యానగరాన్ని నడిపే ఆ యంత్రానికి గొంతైతే ఉంది గానీ, దిగులంటే ఏమిటో తెలీదు.

నమూనాలు కట్టే కుముదినికి మాత్రం పొద్దున్నుంచీ కాలు నిలవడం లేదు. మధ్యాహ్నం అంతరిక్ష తునకల వాన పడబోతోంది. ఆ కొత్త గోడ వెనకే పురిటాసుపత్రి. అందులో ఆమె చెల్లెలు, నిన్న పుట్టిన పాప.

మనసాగక, గోడ కట్టిన మేస్త్రీ మస్తాన్‌వలికి ఫోన్ చేసింది.

"అన్నా, ఇటుకలు నేను చెప్పినట్టు నిలువుగానే పెట్టారు కదా?"

"నిలువుగానేనమ్మా. ఇటుకల మీది బాణం గుర్తులన్నీ పైకప్పు వైపే చూస్తన్నాయి."

"పైకప్పు వైపా?"

"నిలువంటే పైకే గదమ్మా! ఇంకెటు?"

ఇటుకల్ని ముద్రించే ముద్రణశాలలో నిలువంటే పొర మీద పొర పేరుకునే దిక్కు. బాణం బయటికి, దెబ్బ వచ్చే వైపుకి తిరగాలి. ఇప్పుడు తునకలు పొరల సందుల్లోకే దిగుతాయి. కట్టెను చీలిక వెంబడి గొడ్డలితో కొట్టినట్టే. ఆ ఒక్క మాట విడమరిచి చెప్పనందుకు తనను తాను తిట్టుకుంది.

"నాలుగో వాడ ఖాళీ చేయించు" అంది నిర్ణేతతో.

"క్షేమమని మీ నమూనాయే చెప్పింది. కొత్త గణన సాయంత్రానికి పూర్తవుతుంది."

"వాన మధ్యాహ్నమే కదా!"

"గణన లేకుండా జనాన్ని కదిలించే అధికారం నాకు లేదు."

ఒక దారి ఉంది. గణన లేకుండా ఫలితాన్ని తనే రాసెయ్యొచ్చు. కానీ లెక్కించకుండా రాసినవాళ్ల మాట ఇక చెల్లదు. వాళ్లు ఇదివరకు క్షేమమన్న గోడలన్నీ ఆ క్షణమే అనుమానంలో పడతాయి. నగరంలో సగం గోడలు కుముదిని లెక్కించినవే. అంతమంది ఒక్కసారిగా నడిమి ఆశ్రయానికి పరుగెడితే తొక్కిసలాటలో ఎవరు పోతారో! ఆమెకు నిజంగానే భయమేసింది.

'భగ్నం' అని టైపు చేసింది.

"ఈ ఫలితానికి గణన లేదు" అంది నిర్ణేత.

"లేదు. నా మాటే ఉంది."

తెరమీద ఆమె లెక్కించిన గోడలు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. వాడవాడలా సైరన్లు మోగాయి. అప్పుడు నిర్ణేత, ఎన్నడూ ఎవరినీ ఏదీ అడగనిది, అడిగింది.

"ముందు ఎవరిని కదపమంటారు?"

"బాలింతల్ని" అంది కుముదిని. "అన్ని వాడల్లోనూ."