విమానం తోకకు తూటెందుకు?

"ఈ తోక చివర గీ తూటు ఏంది?"

ధూల్‌పేట్‌లో విగ్రహాలు చేసే చోట ఆ సాయంత్రం మాన్య సంకేత్‌ను అడిగిన మొదటి ప్రశ్న అది. పైన టార్పాలిన్ మీద వాన దంచికొడుతోంది. కింద సగం తయారైన గణపతి, సగం తయారైన విమానంలో దర్జాగా కూర్చున్నాడు.

ఆ ఏడాది కార్వాన్ కుర్రాళ్లు తమ వినాయకుణ్ణి విమానం ఎక్కించాలని ముచ్చటపడ్డారు. అది విమానంలా ఉండాలి మరి, ఆటోలా ఉంటే పక్క గల్లీవాళ్లు నవ్వరూ? అందుకే కమిటీ పెద్ద రవీందర్, శంషాబాద్‌లో విమానాలు రిపేరు చేసే సంకేత్‌ను "జర చూసి రా తమ్మీ" అని పంపాడు. విగ్రహానికి బొమ్మ గీసి రంగులు వేసే పని మాన్యది. గుడిమల్కాపూర్‌లో పూల దుకాణం నడిపే రామలింగం కూతురు. చేతుల నిండా రంగు, ముఖం నిండా చిరాకు.

సంకేత్ చదువుకున్నదంతా ఒలకబోశాడు. "అండ్ల చిన్న ఇంజన్ ఉంటది. పెద్ద ఇంజన్లు బంద్ ఉన్నప్పుడు కరెంటు, ఏసీ దానితోనే నడుస్తయి. దాని పొగ పోయే తొవ్వ అది."

"ఊఁ" అని మాన్య మళ్లీ బ్రష్ వైపు తిరిగింది.

ఆ 'ఊఁ' అతనికి సుతరామూ నచ్చలేదు.

"అది పుస్తకాల ముచ్చట. అసల్ సంగతి వేరే. పైలెట్ లోపట ఇరానీ చాయ్ కాస్తుంటడు. ఆవిరి పోనీకి పెట్టిన్రు."

బ్రష్ ఆగింది. మాన్య వెనక్కి తిరిగి అతన్ని ఎగాదిగా చూసి, పక్కన కొబ్బరిపీచు పేనుతున్న బాలనర్సింహ తాత ఉలిక్కిపడేలా నవ్వింది. అంతే, సంకేత్ పని అయిపోయింది. ఆ నవ్వు కోసం ఎన్ని అబద్ధాలైనా ఆడటానికి అక్కడికక్కడే సిద్ధపడ్డాడు.

ఆ తర్వాత డ్యూటీ దిగితే చాలు, బండి దానంతటదే ధూల్‌పేట్ వైపు తిరిగేది.

"కిటికీకి గింత సన్న రంధ్రం దేనికి?"

"కొత్తగ అత్తగారింటికి పోయే పిల్లలు కిటికీ కాడ కూసొని నిట్టూరుస్తరు గదా! ఆ గాలి పోవద్దా?"

"రెక్క ఎనక ఈ పుల్లలు?"

"మబ్బులకు చక్కిలిగిలి పెట్టనీకి. నవ్వి పక్కకు జరుగుతయి."

"మరి ఇంజన్ నడిమిట్ల ఈ తెల్ల సుట్ట గీత?"

"దిష్టి తగలకుండ. చిన్నప్పుడు మీ అమ్మ నీకు చుక్క పెట్టలేదా?"

"పెట్టింది. అయినా నువ్వు తగులుకున్నవ్ గదా!"

ఆ మాటకు సంకేత్ ఇంటిదాకా వానలో తడుస్తూ, ఈలవేస్తూ వెళ్లాడు. రెయిన్‌కోటు బండి డిక్కీలోనే ఉంది.

ఒక శనివారం మాన్య ఏ ప్రశ్నా వేయలేదు. చాలాసేపు ఒకే చోట రంగు పూస్తూ ఉండి, అతని వైపు చూడకుండానే చెప్పింది.

"సోమారం నన్ను చూడనీకి వస్తున్నరు. బేగంబజార్‌ల స్టీలు సామాన్ల దుకాణమోళ్లు. పిలగాని పేరు వేదాంత్."

సంకేత్ చేతిలోని రంగు డబ్బా కింద పెట్టాడు.

"నేనేం చెప్పాలె సంకేత్?"

చెప్పాల్సిన మాట అతని నోటి చివరే ఉంది. 'వద్దని చెప్పు, నేను మా నాయినను తోలుకొస్త.' ఇంతే. కానీ అది విని ఆ పిల్ల మొదటి రోజులా 'ఊఁ' అని తిరిగిపోతే? ఆ భయంతో అలవాటైన దారిలోకి దూకేశాడు.

"ఎమర్జెన్సీ డోర్ పక్కన కూసో. పిలగాడు నచ్చకుంటే హ్యాండిల్ గుంజు. జారుడుబండ వస్తది, సర్రున జారిపో."

మాన్య నవ్వలేదు. "ఒక్కసారి సీదా చెప్పు."

"సీదానే చెప్తున్న. చెప్పులు ఇడిసి జారాలె, మర్చిపోకు."

ఆమె బ్రష్‌లు కడిగి, చున్నీ తలమీద కప్పుకుని, వానలోనే వెళ్లిపోయింది. పిలిస్తే వినపడే దూరంలోనే ఉంది. సంకేత్ పిలవలేదు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ తనను తాను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది అతనికి.

సోమవారం గడిచింది. ఏమైందో అడిగే ధైర్యం లేక రెండు వారాలు అటువైపే పోలేదు. గణపతిని కార్వాన్‌కు తీసుకెళ్లే రోజున మాత్రం, ఇక దాచేది లేదని గట్టిగా అనుకుని బయల్దేరాడు.

డప్పులు మోగుతున్నాయి. ముఖానికి గుడ్డ కప్పుకుని గణపతి లారీ ఎక్కాడు. మాన్య ఓ పక్కన నిలబడి రెక్క చివర ఊడిన రంగు దిద్దుతోంది.

సంకేత్ గబగబా మొదలుపెట్టాడు. "మాన్యా, నేను చెప్పినయన్నీ ఝూటా. ఆ తెల్ల సుట్ట, ఇంజన్ తిరుగుతున్నదని కింద పనోళ్లకు తెలువనీకి. ఆ పుల్లలు..."

"తెలుసు."

"ఆఁ?"

"మొదటి దినమే ఫోన్ల అన్నీ చూసిన. తెలువకుంట బొమ్మ ఎట్ల గీస్త?"

"మరెందుకు అడిగినవ్?"

"నువ్వు చెప్తుంటే వినాలని."

సంకేత్ ఒక అడుగు దగ్గరికి వచ్చాడు. "నువ్వంటే నాకు పాణం మాన్యా. మా నాయినను మీ ఇంటికి తోలుకొస్త. ఇండ్ల మజాక్ లేదు."

ఆమె కళ్లు నిండిపోయాయి. "శనివారం నేనడిగింది ఫోన్ల దొరకలె సంకేత్. అది నువ్వే చెప్పాలె. నీ గురించి బాపుకు ముందే చెప్పిన. సోమారం పొద్దుగాల అడిగిండు. 'ఆ విమానాల పిలగాడు ఏమన్నడు బిడ్డా? ఆయన సై అంటే వీళ్లను రావద్దని చెప్త' అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"'ఏమనలె బాపూ' అన్న."

డప్పుల లొల్లిలో కూడా ఆ మాట అతనికి స్పష్టంగా వినపడింది.

"ఇప్పుడు నేనే వచ్చి చెప్త. మీ బాపు ఇంకోసారి అడిగితే..."

"పూలు పండ్లు గూడ అయినయి, లగ్గం ఖాయమైంది." మాన్య మణికట్టుతో కళ్లు తుడుచుకుంది. చెంపకు రంగు అంటింది. "బాపు ఇగ అడగడు సంకేత్."

"అరే సంకేతూ, తీగలు తగుల్తయ్, రెక్క పట్టు రా!" లారీ మీంచి రవీందర్ కేకేశాడు. సంకేత్ వెళ్లి రెక్క పట్టుకున్నాడు. లారీ కదిలింది. కార్వాన్ దాకా విమానం గురించి ఎవరేం అడిగినా అతను సీదా జవాబే చెప్పాడు.