దిమ్మ లేని తుపాకి

పెనం మీద అట్టు తిరగేస్తుండగా అడెల్లాకి టపా బండి ఆగిన చప్పుడు వినిపించింది. భర్త వెర్లిన్ కాఫీ వదిలేసి, ఆ మంచులోకి చెప్పులతోనే పరుగెత్తాడు.

"నెబ్రాస్కా నుంచే! ముసలాయన మాట నిలబెట్టుకున్నాడు" అంటూ పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

లోపల నూనె గుడ్డలో చుట్టిన ఇనుప దిమ్మ ఉంది. వెర్లిన్ తాతగారి ఒంటి తూటా తుపాకిలో గొట్టం వెనక భాగాన్ని మూసేది అదే. అది లేకపోతే తుపాకి పేలదు. వెర్లిన్ పనిచేసే మిల్లు మూతపడిన ఏడాది చలికాలంలో ఆ దిమ్మ మాయమైంది. తీసినవాడు తన అన్న మెర్ల్ అని వెర్లిన్ తీర్మానించుకున్నాడు. తండ్రి పోయినప్పుడు ఆ తుపాకి కావాలని అడిగినవాడు, షెడ్డు తాళం ఉన్నవాడు అతనే మరి. అప్పటినుంచీ అన్నదమ్ములకి మాటల్లేవు.

ఆ దిమ్మ కోసం వెర్లిన్ తిరగని తుపాకుల సంత లేదు. ఆ రకం తుపాకుల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఏ కాలపు దిమ్మ ఏ చట్రంలో ఇముడుతుందో తెలిసినవాళ్ళు నలుగురైదుగురు ముసలివాళ్ళే మిగిలారు. వాళ్ళందరితో ఫోన్‌లో స్నేహం చేశాడు. తుపాకి భాగాల పాత పటాల నకళ్ళు తెప్పించుకుని వంటింటి బల్ల మీద కొలతలు గీసుకున్నాడు. మిల్లు పోయాక నోరు విప్పని మనిషి ఆ వెతుకులాటలోనే మళ్ళీ నవ్వడం మొదలుపెట్టాడు. అది చూసే అడెల్లా ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు.

దిమ్మ చట్రంలో ఇమిడింది. మీట నొక్కితే కిందికి జారింది, వదిలితే పైకొచ్చి మూసుకుంది.

"ఇది పట్టుకెళ్ళి మెర్ల్ గాడి మొహాన పెడతాను. దొంగిలించి ఏం బాగుపడ్డావురా అని అడుగుతాను."

అడెల్లా పొయ్యి కట్టేసింది.

"మెర్ల్ తియ్యలేదు. నేను తీశాను."

"ఏంటీ?"

"తీసి, వంతెన మీంచి నదిలో పడేశాను."

వెర్లిన్ ముందు నవ్వాడు. ఆమె మొహం చూశాక ఆపేశాడు.

"నీకు మతి పోయిందా? అది మా తాతది! ఎందుకు చేశావా పని?"

"ఆ చలికాలం ఒక సాయంత్రం భోజనానికి పిలిస్తే పలకలేదు నువ్వు. షెడ్డులోకొచ్చి చూస్తే తుపాకి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావు."

"తుడుస్తున్నాను."

"తుడవడానికి తూటా ఎందుకు, వెర్లిన్?"

అతను తుపాకిని మెల్లగా బల్ల మీద పెట్టి, కుర్చీలో కూలబడ్డాడు.

"మెర్ల్‌ని దొంగన్నాను. వాళ్ళావిడ అంత్యక్రియలకి కూడా వెళ్ళలేదు" అన్నాడు.

"నేను అననిచ్చాను. వెళ్ళకపోతే ఊరుకున్నాను. నిజం చెబితే నువ్వు మళ్ళీ ఆ షెడ్డులో కూర్చుంటావని భయం."

వెర్లిన్ లేచి కోటు తొడుక్కున్నాడు. దిమ్మ ఊడదీసి జేబులో వేసుకున్నాడు. తుపాకి గుడ్డలో చుట్టి ఆమె చేతికిచ్చాడు.

"పద. నువ్వే చెప్పాలి వాడికి."

మెర్ల్ తలుపు తీసి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. గడ్డం పూర్తిగా నెరిసిపోయింది. అడెల్లా గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పింది. షెడ్డు సంగతి వచ్చేసరికి మెర్ల్ తమ్ముడి వైపు తిరిగాడు.

"నాకెందుకు చెప్పలేదురా?"

"ఏమని చెప్పను?" అన్నాడు వెర్లిన్.

అడెల్లా తుపాకిని మెర్ల్ చేతుల్లో పెట్టింది.

"ఇది నీ దగ్గరే ఉండనీ. దిమ్మ నా దగ్గరుంటుంది. పేల్చాలనిపిస్తే నీ దగ్గరికొస్తాను" అన్నాడు వెర్లిన్.

"ఏ రోజొస్తావు?"

"ఆదివారం?"

"రా. అడెల్లా, నువ్వూ రా" అన్నాడు మెర్ల్.

అడెల్లా తల ఊపింది. కారు దాకా వెళ్ళాక గానీ ఏడవలేదు.